మలి రోమన్ కాలపు కంచు నాణేన్ని బొరుసు వైపు నుంచి చదవడం ఎలా?

క్రీ.శ. 294 ప్రాంతంలో డయోక్లీషియన్ చక్రవర్తి చేపట్టిన నాణేల సంస్కరణ మొదలు, 498లో అనస్తాసియస్ చక్రవర్తి మరో సంస్కరణకు పూనుకొనే వరకు, రోమన్ సామ్రాజ్యపు టంకశాలలు ముద్రించిన కంచు నాణేలను మలి రోమన్ కంచు నాణేలుగా పరిగణిస్తారు. బ్రిటన్ నుంచి ఈజిప్టు వరకు పొలాల్లోనూ నదీగర్భాల్లోనూ ఇవి ఇప్పటికీ దొరుకుతూనే ఉన్నాయి. విరివిగా లభించేవి కావడం వల్ల ప్రాచీన నాణేల సేకరణ మొదలుపెట్టేవారు సాధారణంగా వీటితోనే మొదలుపెడతారు. చాలా నాణేలు బొటనవేలి గోరంతే ఉంటాయి. అక్షరాలు సగం అరిగిపోయి, మిగిలిన సగం చిలుము కింద మునిగిపోయి ఉంటాయి. అయినప్పటికీ, పద్ధతి తెలిసినవారు అటువంటి నాణెం ఏ చక్రవర్తిదో, ఏ నగరంలో ముద్రించినదో, ఏ అయిదారేళ్ల వ్యవధికి చెందినదో చాలా సందర్భాల్లో చెప్పగలరు. ఆ పద్ధతిని వివరించడమే ఈ వ్యాసం పని.

నాణెం చేతికి రాగానే ఎవరైనా బొమ్మ వైపు తిప్పి, ముఖాన్ని బట్టి చక్రవర్తిని పోల్చడానికి ప్రయత్నిస్తారు. మొదటి రెండు శతాబ్దాల నాణేల విషయంలో అది కొంతవరకు పనికొస్తుంది. నీరో లావుపాటి మెడను గానీ, వెస్పాసియన్ ముడతల ముఖాన్ని గానీ ఒకసారి చూసినవారు మరచిపోరు. నాలుగో శతాబ్దానికి వచ్చేసరికి చెక్కడపు పనివారు మనిషి పోలికను వదిలి పదవి చిహ్నాలను చెక్కసాగారు. తండ్రికీ కొడుకులకూ అదే ముక్కు, అదే పెద్ద కన్ను, అదే ముత్యాల పట్టీ కనబడతాయి. కాబట్టి ఈ కాలపు నాణెం విషయంలో ముఖాన్ని చివరి సాక్ష్యంగానే తీసుకోవాలి. మొదట కొలతను, తూకాన్ని చూడాలి. ఆ తరువాత బొరుసు వైపు బొమ్మను, దాని కింద ఉన్న టంకశాల గుర్తును చదవాలి. బొమ్మ వైపు అక్షరాల దగ్గరకు ఇవన్నీ అయ్యాకే రావాలి.

కావలసిన సరంజామా

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, గ్రాములో నూరో వంతు వరకు చూపే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు, మిల్లీమీటర్ల కొలతకు వెర్నియర్ కాలిపర్, ఎటు కావాలంటే అటు వంచుకోగల బల్ల దీపం ఉంటే చాలు. వీటిలో ఎక్కువ పని చేసేది దీపమే. వెలుగు పైనుంచి పడితే అరిగిన అక్షరం కనిపించదు. దీపాన్ని పక్కకు దించి, వెలుగు నాణెం ఉపరితలాన్ని ఒరుసుకుంటూ పడేలా పెట్టి, నాణేన్ని మెల్లగా చుట్టూ తిప్పుతూ చూస్తే, ఒక్కో కోణంలో ఒక్కో అక్షరపు గీత నీడతో సహా పైకి తేలుతుంది. అలా కనబడిన ప్రతి గీతనూ అప్పటికప్పుడు కాగితంపై వేసుకోవాలి. కనబడని చోట చుక్క పెట్టి వదిలేయాలి గానీ ఊహతో పూరించకూడదు.

కొలత, తూకం

డయోక్లీషియన్ ప్రవేశపెట్టిన పెద్ద నాణేన్ని సేకర్తలు ఫోలిస్ అని వ్యవహరిస్తారు. అది సుమారు 10 గ్రాముల తూకంతో, దాదాపు 27 మిల్లీమీటర్ల వెడల్పుతో, కొద్ది శాతం వెండి కలిపిన కంచుపై పలుచని వెండిపూతతో వెలువడింది. ఆ తరువాతి చరిత్ర చాలావరకు ఆ నాణెం కుంచించుకుపోయిన చరిత్రే. 307 నుంచి తూకం మెట్టుమెట్టుగా దిగుతూ 313 నాటికి మూడున్నర గ్రాముల దగ్గరకు చేరింది. 330లో కాన్‌స్టాంటైన్ హయాంలో అది రెండున్నర గ్రాములకు, 336 ప్రాంతంలో 1.7 గ్రాములకు తగ్గింది. 348లో మళ్లీ 5 గ్రాములు దాటిన పెద్ద నాణెం వచ్చింది గానీ, కొద్ది ఏళ్లలోనే అదీ రెండున్నర గ్రాములకు జారింది. నాలుగో శతాబ్దం చివర, అయిదో శతాబ్దంలో ఒక గ్రాము తూగే 12 మిల్లీమీటర్ల బిళ్లలే ఎక్కువ.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆనాటి టంకశాలలు ఒక్కో నాణేన్ని విడిగా తూచి ముద్రించలేదు. ఒక రోమన్ పౌను (దాదాపు 325 గ్రాములు) లోహానికి ఇన్ని నాణేలు రావాలన్నదే వారి లెక్క. 330 నాటి లెక్క పౌనుకు 132 నాణేలు. అందువల్ల ఒకే రోజు ఒకే అచ్చు నుంచి వచ్చిన రెండు నాణేల మధ్య కూడా అర గ్రాము తేడా ఉండవచ్చు. పైగా పదహారు వందల ఏళ్ల అరుగుదల తోడవుతుంది. తూకం అవధిని చూపుతుందే తప్ప తేదీని చెప్పదు. చక్రవర్తి తెలియని నాణేలను వెడల్పును బట్టి విభజించే వాడుక కూడా ఉంది. 25 మిల్లీమీటర్లకు మించినది ఏఈ1, 21 నుంచి 25 వరకు ఏఈ2, 17 నుంచి 21 వరకు ఏఈ3, అంతకన్న చిన్నది ఏఈ4. ఏఈ అంటే కంచు అనే అర్థమున్న లాటిన్ మాటకు సంక్షేపం. ఇవి ఆనాటి పేర్లు కావు, మన సౌకర్యానికి పెట్టుకున్నవి.

బొరుసు వైపు బొమ్మ

ఈ కాలపు పరిపాలనలో ఉన్న ఒక లక్షణం మనకు ఎంతో మేలు చేస్తుంది. ఒక బొమ్మను ఎంచుకుంటే, సామ్రాజ్యంలోని అనేక టంకశాలలు కొన్నేళ్ల పాటు అదే బొమ్మను, అదే నినాదాన్ని ముద్రించేవి. ఆ తరువాత దాన్ని పూర్తిగా ఆపి మరొకటి మొదలుపెట్టేవి. అందుచేత బొరుసు వైపు బొమ్మను గుర్తుపట్టగలిగితే, ఒక్క అక్షరమూ చదవకుండానే తేదీ అవధి మన చేతిలోకి వస్తుంది.

పెద్ద ఫోలిస్‌పై నగ్నంగా నిలబడి, ఒక చేత అర్చన పాత్రను, మరో చేత పండ్లు నిండిన కొమ్మును పట్టుకున్న మూర్తి ఉంటే, అది రోమన్ ప్రజల అధిదేవత అయిన జీనియస్. నినాదం గెనియో పోపులి రోమని. అది 294 తరువాతి తొలి సంవత్సరాలది. కిరణాల కిరీటంతో కుడిచేయి ఎత్తి, ఎడమచేత గోళం పట్టుకున్న సూర్యదేవుడు కనిపిస్తే, నినాదం సోలి ఇన్విక్తో కోమితి, కాలం దాదాపు 310 నుంచి 318. రాళ్ల వరుసలతో కట్టిన కోట గుమ్మం, పైన బురుజులు, వాటి మధ్య నక్షత్రం ఉంటే కాలం 324 నుంచి 330. ఆ గుమ్మం చుట్టూ ఉన్న నినాదపు చివరి మాట కూడా పనికొస్తుంది, ఎందుకంటే చక్రవర్తి నాణేలపై అది అవ్గ్ (అగస్టస్, అంటే చక్రవర్తి) అని, అతని కుమారుల నాణేలపై కైస్ (సీజర్, అంటే చక్రవర్తి కింది సహపాలకుడు) అని ముగుస్తుంది.

330లో కాన్‌స్టాంటినోపుల్ నగర ప్రతిష్ఠ జరిగిన ఏడాది వచ్చిన బొమ్మ అన్నిటికన్న ఎక్కువగా ఎదురవుతుంది. ఇద్దరు సైనికులు ఎదురెదురుగా, బల్లెం, డాలు పట్టి నిలబడి ఉంటారు. నినాదం గ్లోరియా ఎక్సెర్కితుస్, అంటే సైన్యపు కీర్తి. ఇందులో అక్షరాల కన్న ముఖ్యమైనది సైనికుల మధ్యనున్న ధ్వజాల లెక్క. రెండు ధ్వజాలుంటే నాణెం 330–335 నాటిది. ఒక్కటే ఉంటే 335 తరువాతిది, తూకం తగ్గిన కాలానిది. నాణెం ఎంత అరిగినా, నడుమ నిలువు గీతలు ఒకటా రెండా అన్నది సాధారణంగా తెలుస్తుంది. ఇదే కాలంలో చక్రవర్తి పేరు లేకుండా వచ్చిన రెండు రకాలు కూడా ఉన్నాయి. బొమ్మ వైపు శిరస్త్రాణం ధరించిన రోమా దేవత తల, బొరుసు వైపు కవల పిల్లలకు పాలిస్తున్న తోడేలు, దాని పైన రెండు నక్షత్రాలు ఉండేది ఒకటి. ఓడ ముక్కుపై కాలు మోపి నిలబడిన రెక్కల విజయదేవత ఉండేది రెండవది, అది కాన్‌స్టాంటినోపుల్ నగరానిది.

348లో, రోమ్ నగరం పుట్టి పదకొండు వందల ఏళ్లు నిండిన సందర్భానికి చేరువలో, ఫెల్ టెంప్ రెపరాతియో అనే నినాదంతో కొత్త వరుస మొదలైంది. మంచి రోజులు తిరిగి వచ్చాయన్నది దాని తాత్పర్యం. ఓడపై నిలబడిన చక్రవర్తి, గోళంపై వాలిన ఫీనిక్స్ పక్షి, గుడిసెలోంచి చిన్న మనిషిని చేయిపట్టి బయటకు తెస్తున్న సైనికుడు ఇందులోని బొమ్మలు. వీటన్నిటిలో ఎక్కువ కాలం నిలిచినది పడిపోతున్న ఆశ్వికుడి బొమ్మ. రోమన్ సైనికుడు ఎడమ వైపు ఒరిగి, బల్లేన్ని కిందికి గుచ్చుతుంటాడు. గుర్రం ముందుకాళ్లపై కూలిపోతుంటుంది, దానిపైని శత్రువు వెనక్కి తిరిగి చేయి చాపుతుంటాడు లేదా గుర్రం మెడను వాటేసుకుంటాడు. నేల మీద అతని డాలు పడి ఉంటుంది. పదిహేడు మిల్లీమీటర్ల లోహంపై ఇంత కదలికను పట్టిన ఆ పనివాళ్ల నేర్పు ఈ శతాబ్దపు నాణేల్లో నాకు అన్నిటికన్న ఇష్టమైనది. గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం), బ్రిటన్ ప్రాంతాల్లో దీనికి స్థానిక నకళ్లు కూడా విస్తారంగా తయారయ్యాయి. సైనికుడు పుల్లలతో గీసినట్లుండి, అక్షరాల స్థానంలో అర్థంలేని గీతలుంటే అది ఆనాటి నకలు. దాన్ని ఈనాటి మోసంగా భావించి పారేయకూడదు.

355 తరువాత స్పేస్ రెయిపుబ్లికే అనే నినాదంతో, గోళం, బల్లెం పట్టిన చక్రవర్తి బొమ్మతో చిన్న నాణెం వచ్చింది. 361–363 మధ్య జూలియన్ ముద్రించిన 8 గ్రాముల నాణెంపై పెద్ద ఎద్దు, దాని పైన రెండు నక్షత్రాలు ఉంటాయి గనుక దాన్ని పొరబడే వీలే లేదు. 364లో వాలెంటీనియన్, వాలెన్స్ సోదరులు అధికారంలోకి వచ్చాక రెండు బొమ్మలు రాజ్యమేలాయి. ఒకదానిలో చక్రవర్తి క్రీస్తు చిహ్నమున్న ధ్వజం పట్టి బందీని జుట్టుపట్టి ఈడుస్తుంటాడు. రెండవదానిలో విజయదేవత దండ, తాటిమట్ట పట్టి ఎడమకు నడుస్తుంటుంది. దాదాపు 383 తరువాతి చిన్న నాణేల్లో విజయదేవత భుజాన విజయచిహ్నం మోస్తూ బందీని లాక్కెళ్లే బొమ్మ సర్వసాధారణం. దాని నినాదం సాలుస్ రెయిపుబ్లికే.

టంకశాల గుర్తు

బొరుసు వైపు బొమ్మ కాళ్ల కింద ఒక అడ్డగీత, ఆ గీత కింద రెండు నుంచి ఆరు వరకు అక్షరాలు ఉంటాయి. అదే టంకశాల సంతకం. నాణెంలో ఎవరూ మొదట చూడని ఈ చిన్న చోటులోనే ఎక్కువ సమాచారం ఉంటుంది. ఆ అక్షరాలు నగరాన్నీ, నగరంలోని టంకశాలలో ఏ విభాగం ముద్రించిందో ఆ విభాగాన్నీ చెబుతాయి. పశ్చిమాన విభాగాల్ని లాటిన్ వరుస సంఖ్యల తొలి అక్షరాలతో, అంటే పి, ఎస్, టి, క్యూ అని గుర్తించారు. తూర్పున గ్రీకు అక్షరాలతో, అంటే ఆల్ఫా, బీటా, గామా, డెల్టా అని గుర్తించారు.

టి, ఆర్ తరువాత పి గానీ ఎస్ గానీ ఉంటే నేటి జర్మనీలోని ట్రయర్. పి, ఎల్, జి ఉంటే లియాన్. ఎ, క్యూ తరువాత పి ఉంటే అక్విలీయా. ఎస్, ఐ, ఎస్ ఉంటే నేటి క్రొయేషియాలోని సిస్సియా. ఎస్, ఎం అనే రెండు అక్షరాలు సక్రా మోనేటా అనే మాటలకు సంక్షేపం. వాటి తరువాత కె ఉంటే సిజికస్, హెచ్ ఉంటే హెరాక్లియా, టి, ఎస్ ఉంటే థెస్సలోనికా, ఎ, ఎల్ ఉంటే అలెగ్జాండ్రియా.

తప్పులు జరిగేది ముఖ్యంగా రెండు జంటల దగ్గర. మొదటిది నికొమీడియా, ఆంటియోక్ జంట. ఎస్, ఎం, ఎన్, ఎ అని ఉంటే అది నికొమీడియాలోని మొదటి విభాగం. ఎస్, ఎం, ఎ, ఎన్ అని ఉండి, ఆ తరువాత మరో గ్రీకు అక్షరం ఉంటే అది ఆంటియోక్. ఎ, ఎన్ అక్షరాల క్రమం తారుమారైతే నగరమే మారిపోతుంది. రెండవది నేటి ఫ్రాన్స్‌లోని ఆర్ల్, కాన్‌స్టాంటినోపుల్ జంట. ఆర్ల్ నగరానికి కొంతకాలం కాన్‌స్టాంటీనా అని పేరు పెట్టడం వల్ల దాని నాణేలపైనా సి, ఓ, ఎన్, ఎస్ అక్షరాలే కనిపిస్తాయి. వీటిని విడదీయడానికి విభాగపు అక్షరం ఎక్కడుందో చూడాలి. ఆర్ల్‌లో లాటిన్ అక్షరం ముందు వస్తుంది, పైగా పదం టి తో ముగుస్తుంది. కాన్‌స్టాంటినోపుల్‌లో గ్రీకు అక్షరం వెనుక వస్తుంది.

టంకశాలలు మూతపడిన సంవత్సరాలు మనం చదివినదాన్ని సరిచూసుకోవడానికి పనికొస్తాయి. లండన్ టంకశాల 325 ప్రాంతంలో, ఇటలీలోని టిసీనమ్ టంకశాల 326 ప్రాంతంలో మూతపడ్డాయి. కాన్‌స్టాంటినోపుల్ టంకశాల 326లో గానీ మొదలుకాలేదు. కనుక ఇద్దరు సైనికుల బొమ్మ కింద లండన్ అక్షరాలు చదివామనుకుంటే ఎక్కడో పొరబడ్డామన్నమాట. అలాగే ఆర్ల్ గుర్తుతో గ్లోరియా నోవి సేకులి అనే నినాదం కనిపిస్తే, బొమ్మ వైపు చూడకుండానే అది గ్రేషియన్ నాణెమని చెప్పవచ్చు, ఎందుకంటే ఆ నినాదాన్ని అక్కడ అతనికి మాత్రమే వాడారు.

బొమ్మ వైపు అక్షరాలు

అక్షరాల వరుస గడియారంలో ఏడు గంటల స్థానం దగ్గర మొదలై కుడిచేతి వైపుగా తిరుగుతుంది. యు అక్షరానికి బదులు వి రూపమే ఉంటుంది. పదాల మధ్య ఖాళీ ఉండదు, కిరీటం తగిలిన చోట మాత్రం వరుస తెగుతుంది. కాన్‌స్టాంటైన్ కుటుంబంలో పేర్లు ఒకేలా ఉండటం వల్ల పేరు మొదటి భాగం ఎవరినీ వేరుచేయదు. కాన్‌స్టాంటినుస్, కాన్‌స్టాంటియుస్, కాన్‌స్టాన్స్ అనే మూడు పేర్లలోనూ తొలి అక్షరాలు ఒకటే. కనుక పేరు చివర, ఆ తరువాత వచ్చే బిరుదు చదవాలి. మాక్స్ అవ్గ్ (మహా అగస్టస్) అని ఉంటే తండ్రి కాన్‌స్టాంటైన్. ఇవ్న్ నోబ్ సి (జూనియర్, మహోన్నత సీజర్) అని ఉంటే కొడుకు రెండో కాన్‌స్టాంటైన్. పేరుకు ముందు ఫ్ల్ ఇవ్ల్ అని ఉండి చివర నోబ్ సి ఉంటే, రెండో కాన్‌స్టాంటియస్ గానీ కాన్‌స్టాన్స్ గానీ సీజర్‌గా ఉన్న నాటిది. 337 సెప్టెంబరులో ముగ్గురు అన్నదమ్ములూ అగస్టస్‌లు అయ్యాక నోబ్ సి పోయి అవ్గ్ వస్తుంది. ముందు డి ఎన్ (మా ప్రభువు), వెనుక పి ఎఫ్ అవ్గ్ (ధర్మశీలి, భాగ్యశాలి అయిన అగస్టస్) అనే అమరిక ఆ శతాబ్దం చివరి దాకా కొనసాగుతుంది.

ముఖం కొంతైనా సాక్ష్యం చెప్పేది ఇక్కడే, అదీ తలపై ఉన్నదాన్ని బట్టి. ఆకుల దండ, ముత్యాల పట్టీ, ఏమీ లేని తల అనే మూడు స్థితులను గమనించాలి. పడిపోతున్న ఆశ్వికుడి నాణెంపై ఏ కిరీటమూ లేని తల కనిపిస్తే, అది సీజర్ పదవిలో ఉన్న కాన్‌స్టాంటియస్ గాలస్‌దో, అతని తరువాతి జూలియన్‌దో అయివుంటుంది. గాలస్ 351 నుంచి 354 వరకు, జూలియన్ 355 నుంచి సీజర్లుగా ఉన్నారు.

ఒక నాణేన్ని వరుసగా చూద్దాం. ముదురు గోధుమ రంగు, 17.5 మిల్లీమీటర్ల వెడల్పు, 2.2 గ్రాముల తూకం. బొరుసు వైపు ఇద్దరు సైనికులు, మధ్య రెండు నిలువు గీతలు, అంటే 330–335. తూకం దీనికి సరిపోతుంది. కింద ఎస్, ఎం, కె స్పష్టంగా ఉన్నాయి, నాలుగో అక్షరం సగం బిళ్ల బయటకు పోయింది. నగరం సిజికస్, విభాగం తెలియదు. బొమ్మ వైపు ఆకుల దండ, కవచం. అక్షరాల్లో మొదటి సగం చిలుములో పోయింది, కుడివైపున ఎన్, ఓ, బి, సి మిగిలాయి. వాటికి ముందు నిలువు గీతతో మొదలైన మూడు అక్షరాల జాగా ఉంది. అందులో మధ్యది వి. ఇవ్న్ అనే మాటకు అది సరిగ్గా సరిపోతుంది. అలా ఇది రెండో కాన్‌స్టాంటైన్ సీజర్ నాణెమని తేలుతుంది. ఇక్కడి వరకు వచ్చాక, రోమన్ నాణేల ప్రామాణిక జాబితా అయిన రోమన్ ఇంపీరియల్ కాయినేజ్ సంపుటాల్లో వెతకవచ్చు. ఏడో సంపుటం 313–337 మధ్య కాలానిది, ఎనిమిదోది 364 వరకు, తొమ్మిదోది 395 వరకు, పదోది ఆ తరువాతి కాలానికి. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ ఇదే క్రమాన్ని అంతర్జాలంలో ఉచితంగా ఉంచింది.

శుభ్రం చేయడం, దాచడం

చదవగలిగినంత చదివాకే శుభ్రం చేయడం గురించి ఆలోచించాలి. ఇంట్లో రాగి చెంబును చింతపండుతో తోమినట్లు ఈ నాణేలను తోమడం ఘోరమైన తప్పు. పులుపులోని ఆమ్లం చిలుము పొరనే కాక, ఆ పొరలోనే మిగిలి ఉన్న అక్షరాలనూ తినేస్తుంది. పాత కంచు విషయంలో ఉపరితలం అంటే చాలాచోట్ల ఆ చిలుమే, దాని కింద వేరే నాణెం లేదు. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నీటిని తరచుగా మారుస్తూ, మెత్తని బ్రష్‌తోనూ చెక్క టూత్‌పిక్‌తోనూ మట్టిని మాత్రం వదిలించాలి. వారాలు పట్టినా తొందరపడకూడదు. ఉక్కు సూదిని భూతద్దం కింద నిపుణులే వాడాలి.

నాణెంపై లేత ఆకుపచ్చ పొడి రేగుతూ, తుడిచినా మళ్లీ వస్తుంటే అది సాధారణ చిలుము కాదు. లోహంలో చేరిన క్లోరైడ్‌లు తేమతో కలిసి కంచును లోపలి నుంచి తినేసే రోగం అది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్లలో గాలిలోని తేమే దీనికి చాలు. అటువంటి నాణేన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరుచేసి, సిలికా జెల్ వేసిన మూత గట్టి డబ్బాలో ఉంచి, సంరక్షణ తెలిసినవారికి చూపించాలి. పి.వి.సి. కవర్లలో ఏ నాణేన్నీ పెట్టకూడదు. ఆ ప్లాస్టిక్ నుంచి కాలక్రమేణా ఆమ్లం పుట్టి జిగట పచ్చదనం అంటుకుంటుంది.

మన నేలపై దొరికితే

దక్షిణ భారతంలో ఈ కంచు నాణేలు ప్రధానంగా తమిళనాడులో, ముఖ్యంగా కరూరు దగ్గర అమరావతి నదీగర్భంలోనూ మదురై పరిసరాల్లోనూ దొరికాయి. శ్రీలంకలో అసలు నాణేలతోపాటు వాటిని చూసి స్థానికంగా చేసుకున్న నకళ్లు కూడా విరివిగా లభించాయి. నాలుగో శతాబ్దం చివరివి, అయిదో శతాబ్దపు తొలినాళ్లవి అయిన చిన్న బిళ్లలే అక్కడ ఎక్కువ. చేతులు మారి మారి అరిగినవి గనుక టంకశాల గుర్తు సాధారణంగా మిగలదు, బొరుసు వైపు బొమ్మ ఆకారమే ఆధారం. తెలుగు నేలపై దొరికిన రోమన్ నాణేల్లో పేరుపడ్డవి వీటికన్న పాత కాలపు వెండి, బంగారు నాణేలు. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో బయటపడిన వెండి నాణేల నిక్షేపం, నాగార్జునకొండ తవ్వకాల్లో దొరికిన బంగారు నాణేలు అటువంటివి.

పొలంలోనో ఏటి ఇసుకలోనో ఎవరికైనా ప్రాచీన నాణేలు దొరికితే, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం, విలువ పది రూపాయలు దాటిన నిక్షేపాన్ని జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. వందేళ్లు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి వస్తాయి గనుక వాటిని దేశం దాటించడం ప్రైవేటు వ్యక్తులకు నిషిద్ధం. చట్టం మాట అటుంచి, నాణేలను కడిగి, విడదీసి, తలా ఒకటి పంచుకుంటే, అవి కలిసి ఒకే కుండలో ఉన్నాయన్న సమాచారం శాశ్వతంగా పోతుంది. అందుచేత దొరికిన చోటును, లోతును, పక్కన ఉన్న పెంకులను ఫోటో తీసి, నాణేలను మట్టితోపాటే ఉంచాలి.

కొన్న నాణేలకైనా ప్రతిదానికీ ఒక కాగితపు చీటీ రాయాలి. చక్రవర్తి పేరు, టంకశాల, విభాగం, కాలావధి, వెడల్పు, తూకం, సంపుటం సంఖ్య, ఎవరి దగ్గర ఎప్పుడు తీసుకున్నదీ అందులో ఉండాలి. నాణెంపై నిజంగా కనబడిన అక్షరాలను ఒక వరుసలో, మనం పూరించుకున్నవాటిని వేరే వరుసలో రాస్తే, తరువాత చూసేవారు మన నిర్ణయాన్ని సరిచూడగలుగుతారు.